ఇంటి విందుకు చిన్న కారం పఫ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బేకరీలో దొరికే కర్రీ పఫ్, ఎగ్ పఫ్, ఖీమా పఫ్‌లను రెండు మూడు కాట్లలో తినేంత చిన్న పరిమాణంలో ఇంట్లోనే చేసి, విందులో భోజనానికి ముందు వడ్డించాలనుకునేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు సిద్ధం చేశాం. ఇక్కడ చెప్పిన కొలతలన్నీ 7 సెంటీమీటర్ల చదరపు ముక్కతో చేసే పఫ్‌కు సరిపోతాయి.

ఎంతమందికి ఎన్ని చేయాలి?

తర్వాత పూర్తి భోజనం ఉంటే మనిషికి మూడు, నాలుగు చాలు. సాయంత్రం టీ విందులాగా పఫ్‌లు, మరి రెండు రకాల చిరుతిళ్లతోనే సరిపెడుతున్నట్లయితే మనిషికి ఐదారు వేసుకోవాలి. పిల్లలు ఎక్కువగా వచ్చే పుట్టినరోజుల్లో లెక్క కొంచెం పెంచుకోవడం మంచిది, ఎందుకంటే వేడి పఫ్ దగ్గర పిల్లలు కేక్ కోసం ఆగరు.

పిండి ఇంట్లోనే చేయాలా, పొరలు వేసి అమ్మే పఫ్ పిండి షీట్లు కొని వాడవచ్చా?

విందు నాటికి ఇంట్లో ఇతర వంటలు కూడా ఉంటాయి కాబట్టి కొన్న షీట్లు వాడడంలో తప్పేమీ లేదు. నా మటుకు నాకు పఫ్ రుచిలో సగానికి పైగా లోపలి కూరదే అనిపిస్తుంది, కాబట్టి శ్రమ పడదలచుకుంటే ముందు కూర మీద పడాలి. అయితే షీట్లు కొనేటప్పుడు పొట్లం వెనుక ఏ కొవ్వు వాడారో తప్పక చదవండి. మన దేశంలో అమ్మే షీట్లలో చాలావాటికి వెన్నకు బదులు పఫ్‌ల కోసమే తయారయ్యే మార్జరిన్, అంటే నూనెలతో చేసే వెన్న లాంటి కొవ్వు, వాడతారు. అది 40 డిగ్రీలు దాటితే గానీ బాగా కరగదు కనుక వేడి వంటగదిలో పని సులువవుతుంది, పొరలు కూడా బాగా లేస్తాయి. కానీ మన నోటి వేడికి పూర్తిగా కరగదు కాబట్టి తిన్న తర్వాత అంగిట్లో మైనం పూత లాంటిది మిగులుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టగానే ఇట్టే కలిసిపోతుంది.

మార్జరిన్ అనగానే గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వుల సంగతి అడిగేవారు ఉంటారు. నూనెల్లోనూ కొవ్వుల్లోనూ ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నియమాన్ని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేస్తోంది. ఆ వివరం లేబుల్ మీద ఉంటుంది. లేబులే లేని విడి షీట్లను కొనకపోవడం మేలు.

ఇంట్లో పిండి చేయాలంటే కొలతలు ఏమిటి?

30 చిన్న పఫ్‌లకు 250 గ్రాముల మైదా, పిండిలో కలపడానికి 25 గ్రాముల వెన్న, పొరల కోసం మరో 200 గ్రాముల వెన్న, సుమారు 130 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, ఒక టీస్పూను నిమ్మరసం, అర టీస్పూను ఉప్పు కావాలి. ఉప్పు కలిసిన వెన్న వాడితే విడిగా ఉప్పు వేయకండి. నిమ్మరసం పిండిని కొంత సడలిస్తుంది కాబట్టి ఒత్తేటప్పుడు అది పదేపదే వెనక్కి లాగేసుకోదు.

మైదాలో 25 గ్రాముల వెన్న పొడిపొడిగా కలిపి, నీళ్లు, నిమ్మరసం పోసి, ముద్ద అయ్యేవరకే కలపాలి. చపాతీ పిండిలా పిసకనక్కర్లేదు. ఎక్కువ పిసికితే జిగురు సాగి పిండి రబ్బరులా మొండికేస్తుంది. ఈ ముద్దను మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా 200 గ్రాముల వెన్నను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి, అప్పడాల కర్రతో కొట్టి, అంగుళంలో మూడో వంతు మందాన చదరపు బిళ్లగా చేసుకోవాలి. బిళ్ల చల్లగా ఉండాలి, కానీ వంచితే విరగకూడదు. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే మొదలుపెడితే వెన్న లోపల ముక్కలవుతుంది, ఎక్కువసేపు బయట ఉంచితే పిండిలో కలిసిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న మెత్తదనాన్ని వేలితో నొక్కి తెలుసుకోవాలి: వేలిముద్ర పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు.

పిండిని వెన్న బిళ్లకు రెట్టింపు పరిమాణంలో ఒత్తి, మధ్యలో బిళ్లను పెట్టి, నాలుగు వైపుల నుంచి ఉత్తరం కవరులా మూసేయండి. దీన్ని పొడవుగా ఒత్తి మూడు మడతలు వేయడాన్ని ఒక మడతగా లెక్కిస్తారు. రెండు మడతలయ్యాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ రెండు మడతలు వేయాలి. ప్రతిసారీ పిండిని పావు వంతు తిప్పి ఒత్తాలి, లేకపోతే ఒక దిక్కుకే సాగి, ఓవెన్‌లో వంకరగా ముడుచుకుంటుంది.

ఎన్ని మడతలు వేయాలి?

ఒక్కో మడతకు వెన్న పొరలు మూడింతలవుతాయి. నాలుగు మడతలకు 81, ఆరు మడతలకు 729 పొరలు వస్తాయి. ఫ్రెంచ్ పద్ధతిలో ఆరు మడతలే ప్రామాణికం. కానీ కూర పెట్టి మూసే చిన్న పఫ్‌లకు నాలుగు చాలు. అప్పుడు పొరలు కొంచెం మందంగా, విడివిడిగా, మన బేకరీ పఫ్‌లలో కనిపించినట్టే కనిపిస్తాయి. చేయి తిరగని వారు ఆరు మడతలకు పోతే మధ్యలో ఎక్కడో వెన్న పిండిలో కలిసిపోయి, లెక్క ప్రకారం ఉండాల్సిన పొరలేవీ ఉండవు.

పని సరిగ్గా జరిగిందో లేదో కోసినప్పుడు తెలిసిపోతుంది. పదునైన చాకుతో అంచును కోసి పక్కనుంచి చూస్తే తెలుపు, లేత పసుపు గీతలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించాలి. అంచు మొత్తం ఒకే రంగులో ఉంటే వెన్న కరిగి కలిసిపోయిందని అర్థం. ఆ పిండి పఫ్‌లా పొంగదు, గుల్ల బిస్కెట్‌లా మాత్రమే కాలుతుంది.

ఇంట్లో చిలికిన వెన్న గానీ, నెయ్యి గానీ వాడవచ్చా?

రెండూ సరిపడవు, కారణాలు మాత్రం వేరు. బజారులో దొరికే బటర్‌లో కనీసం 80 శాతం కొవ్వు, దాదాపు 16 శాతం నీరు ఉంటాయి. ఓవెన్ వేడికి ఆ నీరూ, పిండిలోని నీరూ ఆవిరై, కొవ్వు అడ్డుగా ఉన్న పొరలను పైకి నెడుతుంది. పఫ్ పొంగడానికి కారణం ఇదే. ఇందులో ఈస్ట్, బేకింగ్ పౌడర్ లాంటివేవీ ఉండవు. ఇంటి వెన్నలో మజ్జిగ ఎంత మిగిలి ఉంటుందో ఏ రోజుకారోజు మారుతుంది, పైగా అది మెత్తగా ఉండి ఒత్తేటప్పుడు పక్కలనుంచి జారిపోతుంది. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు, మన వాతావరణంలో అది గట్టిగా నిలవదు కూడా.

నెయ్యితో పొరలు తెప్పించే పద్ధతి మన దగ్గర లేకపోలేదు. మడత కాజాకు మైదా రొట్టె మీద నెయ్యి, పిండి కలిపిన పూత రాసి, చుట్టి, కోసి, ఒత్తి వేయిస్తారు. అక్కడ పొరలను విడదీసేది వేయించే నూనె వేడి. ఆ చుట్టను ఓవెన్‌లో పెడితే అంత బాగా విడదు.

ఎండాకాలంలో, వంటగది నిప్పుల కొలిమిలా ఉన్నప్పుడు ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం వెన్న పొరలు వేయాలని కూర్చోవడం వృథా ప్రయాస. తెల్లవారుజామున గానీ, ఏసీ ఉన్న గదిలో గానీ చేయాలి. గ్రానైట్ గట్టు మీద ఐసు ముక్కలు నింపిన వెడల్పాటి పళ్లెం పది నిమిషాలు ఉంచి, తీసి, తడి పూర్తిగా తుడిచి, ఆ చోట ఒత్తితే చాలా తేడా తెలుస్తుంది. మైదాను, అప్పడాల కర్రను కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పిండి మీద ఎక్కడైనా వెన్న తేలినట్టు మెరిస్తే, ఇంకొక్క మడతే కదా అనుకోకుండా, ఆ క్షణమే ఫ్రిజ్‌లోకి పంపాలి. ఇంత చేసే ఓపిక లేనప్పుడు కొన్న షీట్లే ఉత్తమం.

లోపలికి ఏ కూర మంచిది? ఎంత పెట్టాలి?

ఒక్కో పఫ్‌కు దాదాపు 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీస్పూన్లు. 30 పఫ్‌లకు 450 గ్రాముల కూర సిద్ధంగా ఉండాలి. ఏ కూరైనా పాటించాల్సిన నియమాలు రెండే: తడి ఉండకూడదు, వేడిగా ఉండకూడదు. తడి కూర అడుగు పొరను ముద్ద చేస్తుంది, వేడి కూర వెన్నను ఓవెన్‌లోకి వెళ్లకముందే కరిగిస్తుంది.

కర్రీ పఫ్‌కు ఆలుగడ్డను ఉడికించి మెదపడం కంటే, పెసరగింజంత ముక్కలుగా తరిగి, క్యారెట్, బఠాణీలతో మగ్గించడం మేలు. మెదిపిన కూరతో పఫ్ తింటే సమోసా తిన్నట్టే ఉంటుంది. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, కొంచెం గరం మసాలా చాలు. టమాటా వేయకపోవడమే మంచిది. పులుపు కావాలంటే చివర్లో ఆమ్‌చూర్ (ఎండు మామిడి) పొడి చల్లండి. ఉప్పు, కారం మీరు మామూలుగా కూరలో వేసే దానికంటే ఒక పిసరు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న మైదా పొరల్లో రుచి తక్కువ.

ఎగ్ పఫ్‌లో గుడ్డు కంటే ఉల్లిపాయ మసాలాయే ముఖ్యం. అరకిలో ఉల్లిపాయలను సన్నగా, పొడవుగా తరిగి, సన్నని మంట మీద అరగంటకు తక్కువ కాకుండా వేయిస్తే అవి సగానికంటే తక్కువకు దగ్గరపడి, తీపి తేలి, ముదురు గోధుమ రంగుకు వస్తాయి. గరిటెతో బాణలి అడుగున గీత గీస్తే ఆ గీత మూసుకుపోకుండా అలాగే నిలవాలి, గీతలోకి నూనె తప్ప నీరు చేరకూడదు. అప్పుడే కారం, మిరియాల పొడి, కరివేపాకు తుంపులు వేసి దించాలి. చిన్న పఫ్‌లో సగం గుడ్డు పట్టదు కాబట్టి ఉడికించిన గుడ్డును నాలుగు చీలికలు చేసి, తడి ఒత్తి తుడిచి, ఒక్కో చీలికను మసాలా మీద పెట్టండి. ఈ పఫ్‌లకు మాత్రం ముక్క 8 సెంటీమీటర్లు ఉంటే మూయడం సులువు.

ఖీమాను దాని నీటిలోనే ఉడికించి, నీరు ఇగిరి, ఖీమా విడివిడిగా పొడిలా అయ్యేవరకు వేయించి, తేలిన కొవ్వును వంపేయాలి. పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి చల్లారాక కలపండి. పన్నీరు, మష్రూమ్, పాలకూరలతో కూడా చేయవచ్చు. మష్రూమ్‌లు, పాలకూర విపరీతంగా నీరు వదులుతాయి కాబట్టి పాలకూరను ఉడికించి గట్టిగా పిండాలి, మష్రూమ్‌లను పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా వేయించాలి.

శాకాహారులు, మాంసాహారులు ఇద్దరూ వస్తున్నారు. కలిసిపోకుండా ఎలా?

ఆకారాలు మార్చండి. కూరగాయలవి త్రికోణంగా, గుడ్డువి నాలుగు మూలలూ మధ్యలోకి మడిచినట్టుగా, ఖీమావి పొడవుగా చేస్తే పళ్లెంలో కలిసినా గుర్తుపట్టవచ్చు. పైన చల్లేవి కూడా వేరుగా ఉంటే ఇంకా మంచిది: ఒకదానిపై నువ్వులు, మరోదానిపై నల్ల జీలకర్ర. కాల్చే ట్రేలు, పూత పూసే బ్రష్షులు కూడా విడిగా ఉండాలి.

పైన మెరుపు కోసం పూసే గుడ్డు సొన విషయం చాలామంది మర్చిపోతారు. కూరగాయల పఫ్ అని చెప్పి, పైన గుడ్డు పూసి వడ్డించడం గుడ్డు తినని అతిథికి అన్యాయమే. వాటికి చిక్కటి పాలు గానీ, మీగడలో కొంచెం పాలు కలిపి గానీ పూయండి. రంగు కొంచెం లేతగా వస్తుంది, అంతే. ఏ పూతైనా పై భాగానికే పూయాలి. కోసిన అంచుల మీదికి కారితే అది పొరలను అతికించేసి, ఆ వైపు పొంగనివ్వదు.

కోయడం, మూయడంలో జాగ్రత్తలేమిటి?

పిండిని 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాతే కోయాలి. చాకును లాగకుండా నిలువుగా కిందికి దించండి, లాగితే అంచు పొరలు నలిగిపోతాయి. చుట్టూ సరిగా లేని అంచును సన్నగా కోసి తీసేస్తే అన్ని వైపులా సమానంగా పొంగుతాయి. మూసేటప్పుడు అంచులకు నీటి తడి వేలితో లేశంగా రాసి, కూరకు చుట్టూ నొక్కండి. మరీ అంచు చివర నొక్కితే అక్కడ పొరలు చితికిపోతాయి. త్రికోణాల పైన చాకు మొనతో ఒక చిన్న గాటు పెడితే ఆవిరి బయటికి పోతుంది, పఫ్ పక్కన పగిలి కూర బయటపడదు.

ఓవెన్ వేడి ఎంత ఉండాలి?

ముందుగా 210 డిగ్రీలకు వేడి చేసి, పఫ్‌లు పెట్టి పది నిమిషాల తర్వాత 180కి తగ్గించి, మరో 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. మొదటి పది నిమిషాల పెద్ద వేడి ఆవిరి పుట్టించి పొంగిస్తుంది, తర్వాతి మంద వేడి లోపలి పొరలను ఎండబెడుతుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే రెండు చోట్లా 20 డిగ్రీలు తగ్గించండి. చిన్న ఓటీజీల్లో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో) డయల్ మీద ఉన్న అంకెకు, లోపలి వేడికి పొంతన కుదరడం అరుదు కాబట్టి ఒక ఓవెన్ థర్మామీటరు కొనుక్కోవడం డబ్బు దండగ కాదు. రెండు కడ్డీలూ వెలిగేలా పెట్టి, కనీసం 15 నిమిషాలు ముందుగా వేడి చేయాలి. మొదటి పన్నెండు నిమిషాలు తలుపు తెరవకండి.

పై రంగును చూసి దించేయడమే ఎక్కువమంది చేసే తొందరపాటు. ఒక పఫ్‌ను పట్కారుతో ఎత్తి అడుగు చూడండి. అడుగు కూడా గోధుమ రంగుకు తిరిగి, చేతిలో తేలిగ్గా అనిపిస్తేనే అయినట్టు. అడుగు తెల్లగా ఉంటే కింది అరలోకి మార్చి మరో ఐదు నిమిషాలు ఉంచండి.

కాలేటప్పుడు ట్రేలో వెన్న మడుగు కడుతోంది. ఎందుకు?

ఓవెన్ చాలినంత వేడెక్కకపోవడం, లేదా పఫ్‌లు లోపలికి వెళ్లేసరికే మెత్తబడి ఉండడం కారణం. పిండి గట్టిపడేలోపే వెన్న కారిపోతుంది. మూసిన పఫ్‌లను ట్రేతో సహా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, అక్కడినుంచి నేరుగా ఓవెన్‌లోకి పంపితే ఈ ఇబ్బంది ఉండదు.

ఎయిర్ ఫ్రయర్‌లో చేయవచ్చా? ఓవెన్ అసలే లేకపోతే?

ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల వద్ద 12 నుంచి 15 నిమిషాల్లో బాగానే అవుతాయి. కానీ ఒక్కో విడతకు ఆరు ఎనిమిదికి మించి పట్టవు కాబట్టి పెద్ద విందుకు పనికిరాదు. ఇసుక పోసిన గిన్నెలోనో, కుక్కర్‌లోనో చేస్తే పైనుంచి వేడి చాలక పఫ్‌లు తెల్లగా, బరువుగా మిగులుతాయి.

ఓవెన్ లేనివారు పఫ్ మీద ఆశ వదులుకుని లుక్మీ చేయడం మంచిదని నా అభిప్రాయం. హైదరాబాదు పెళ్లి దావతుల్లో కబాబులతో కలిపి మొదట్లోనే వడ్డించే చదరపు ఖీమా లుక్మీని నూనెలోనే వేయిస్తారు. మైదాలో నెయ్యి, పెరుగు కలిపి చేసిన ఆ పిండి దానికదే గుల్లగా వస్తుంది, పైన చెప్పిన ఖీమాయే అందులోకీ సరిపోతుంది.

ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

తప్పకుండా, కాల్చకుండా. మూసిన పఫ్‌లను ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పేర్చి డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత సంచుల్లో వేస్తే నెల రోజులు నిలవ ఉంటాయి. ఉడికించిన గుడ్డు మాత్రం గడ్డకడితే తెల్లసొన రబ్బరులా మారుతుంది కాబట్టి ఎగ్ పఫ్‌లను ముందురోజు రాత్రి చేసి ఫ్రిజ్‌లో ఉంచడం వరకే పరిమితం కావాలి. గడ్డకట్టిన పఫ్‌లను కరగనివ్వకుండా, పూత పూసి, నేరుగా ఓవెన్‌లో పెట్టి ఐదారు నిమిషాలు ఎక్కువ కాల్చండి.

అతిథులు వచ్చే సమయానికి అరగంట ముందు మొదటి విడత ఓవెన్‌లోకి వెళ్లాలి. దించాక ఐదు నిమిషాలు జాలీ మీద ఆరనివ్వండి. వేడి మీద స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, అంత శ్రమపడి బయటికి పంపిన ఆవిరంతా మళ్లీ పఫ్‌లలోకే దిగుతుంది. వర్షాకాలంలో బయట ఉంచినా మెత్తబడతాయి. 160 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్ జోలికి పోవద్దు. ఖీమా, గుడ్డు, పన్నీరు పఫ్‌లను బయట రెండు గంటలకు మించి, మంచి ఎండాకాలంలో గంటకు మించి ఉంచకూడదు.

అమెరికాలో దొరికే ఫ్రోజెన్ షీట్లతో ఈ పద్ధతి కుదురుతుందా?

కుదురుతుంది, అక్కడి మన ఇళ్లలో కర్రీ పఫ్‌లు ఎక్కువగా చేసేది వాటితోనే. పెపరిడ్జ్ ఫార్మ్ అనే అక్కడి కంపెనీ పెట్టెలో రెండు షీట్లుంటాయి. ఒక్కోటి దాదాపు 25 సెంటీమీటర్ల చదరం కనుక, కొంచెం ఒత్తితే పదహారేసి ముక్కలు వస్తాయి. రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి, లేదా 40 నిమిషాలు బయట ఉంచండి. గట్టిగా ఉండగానే మడత విప్పితే షీటు మడత దగ్గర విరుగుతుంది. విరిగినా కంగారు పడనక్కర్లేదు, తడి వేలితో అతికించి మీద ఒకసారి కర్ర తిప్పితే సరిపోతుంది.

నంజుకోవడానికి ఏం పెట్టాలి?

టమాటా సాస్ ఎలాగూ ఉండాలి, పిల్లలు ఊరుకోరు. పెద్దవాళ్లకు నీళ్లు కలపని చిక్కటి పుదీనా పచ్చడి బాగుంటుంది. పఫ్‌ల మీద పోయకుండా పక్కన గిన్నెల్లో పెట్టండి.

మిగిలిన పిండి ముక్కలను ఏం చేయాలి?

ముద్ద చేయకండి, చేస్తే పొరలన్నీ పోతాయి. ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, చల్లబరచి, పల్చగా ఒత్తి, జీలకర్ర, ఉప్పు, కచ్చాపచ్చా దంచిన మిరియాలు చల్లి, రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోయండి. 170 డిగ్రీల వద్ద 25 నిమిషాల దాకా, తేమ పూర్తిగా పోయేవరకు కాల్చితే ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఖారీ లాంటివి తయారవుతాయి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే వారం రోజులు కరకరలాడుతూ ఉంటాయి.